లేడీస్ సైకిల్‌కి డండా ఎందుకు లేదు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న మా హాస్టల్లో చిన్న వాదన. లేడీస్ సైకిల్‌కి సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా డండా ఎందుకుండదు అని. "ఆడోళ్లకు బలం తక్కువ, అందుకే" అన్నది ఒకామె. నాకు అది మింగుడుపడలేదు. రెండు వారాలు దొరికిందల్లా చదివిన. తేలిందేంటంటే, డండాకీ బలానికీ సంబంధం లేదు. అది బట్టల కథ.

1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే సైకిల్ తయారు చేసిండు. చక్రాలు రెండూ దాదాపు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. మనం తొక్కే సైకిల్‌కి తాత అదే. అంతకు ముందు సైకిళ్లకు ముందు చక్రం దాదాపు మనిషంత ఎత్తు ఉండేది, గౌను వేసుకున్న ఆడమనిషి ఎక్కే ముచ్చటే లేదు. (డబ్బున్న ఆడవాళ్లు మూడు చక్రాలది తొక్కేవాళ్లు. విక్టోరియా రాణి కూడా 1881లో తెప్పించుకుంది.)

రోవర్ రకం వచ్చాక ఆడవాళ్లూ తొక్కుతామన్నరు. కానీ వాళ్ల గౌన్లు మడమల దాకా ఉండేవి. మన తాండాల్లో ముసలి యాడిలు కట్టే ఫేటియా గుర్తు తెచ్చుకోండి, సమస్య అర్థమైతది. డండా మీదుగా కాలు వేస్తే గౌను పైకి లేస్తది, అప్పటి పెద్దమనుషులకు అది తప్పు. గౌను మార్చొద్దు కాబట్టి సైకిల్‌నే మార్చిన్రు. 1880ల చివర్లో డండాని కిందికి దించి, ముందు నుంచి కాలు పెట్టి ఎక్కేటట్టు చేసిన్రు. గుడ్డ ఇరుక్కోకుండా చైనుకి మూత, వెనక చక్రానికి రెండు పక్కలా దారాల వల పెట్టిన్రు.

దీనివల్ల ఒక నష్టం ఉంది. జెంట్స్ సైకిల్ ఫ్రేము త్రికోణం. త్రికోణం తొందరగా వంగదు, ఇంటి పైకప్పు దూలాలు అట్ల కట్టేదీ అందుకే. డండా తీస్తే ఆ గట్టిదనం పోతది. మళ్లీ రావాలంటే పైపులు మందంగా వెయ్యాలి, బరువు పెరుగుతది. అంటే బలం తక్కువ అన్న మనిషికే ఎక్కువ బరువున్న సైకిల్ ఇచ్చిన్రు!

1894లో ఆనీ లండన్‌డెరీ అనే ముగ్గురు పిల్లల తల్లి సైకిల్ మీద ప్రపంచం చుట్టొస్తానని అమెరికాలోని బోస్టన్ నుంచి బయల్దేరింది. ఒంటి మీద గౌను, కింద 19 కిలోల లేడీస్ సైకిల్. షికాగోలో దాన్ని వదిలేసి, దాదాపు సగం బరువుండే మగవాళ్ల సైకిల్ తీసుకుంది. గౌను కూడా మానేసి పంట్లాం లాంటి బ్లూమర్లు వేసుకుంది. మధ్యలో ఓడలు ఎక్కింది లెండి, కానీ 1895లో తిరిగొచ్చింది.

మన పక్కనే తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లె ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నరు. లేడీస్ సైకిళ్లు సరిపడా లేక జెంట్స్ సైకిళ్లే పట్టిన్రు. పి.సాయినాథ్ దాని గురించి రాసిన్రు. కొందరికి జెంట్స్ సైకిలే ఎక్కువ నచ్చిందట, డండా మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని.

మా ఇంటి సంగతి చెప్త. తాండా నుంచి హైస్కూలు ఆరు కిలోమీటర్లు. ఇంట్లో బాపు సైకిల్ ఒక్కటే, పెద్ద ఫ్రేముది. ఎనిమిదో తరగతిలో డండా కింద నుంచి కాలు పెట్టి కత్తెర తొక్కుడు తొక్కిన. ఒకరోజు చున్నీ చైన్‌లో పడింది, మోకాళ్లు రెండూ పగిలినయి. "ఆడపిల్లకు వద్దు" అని యాడి ఆపేసింది. సైకిల్ తమ్ముడికి పోయింది. నేను నడిచిన. నాతోపాటు నడిచిన ఇంకో పిల్ల తొమ్మిదిలో మానేసింది. ఇప్పుడు మిర్చి ఏరను పోతది. ఆ చైన్‌కి ఒక్క మూత ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంట.

ఇది నా ఒక్కదాని బాధ కాదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనను డబ్బులిచ్చిన్రు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ లెక్కేస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు 30 శాతం పెరిగిన్రు. బడి దూరమున్న ఊళ్లలోనే ఎక్కువ.

ఇక ఒంటికి సరిపోవుడు. 1985లో అమెరికాలో జార్జినా టెర్రీ అనే ఇంజనీరు ఆడవాళ్ల కొలతలకు సైకిళ్లు చేసే కంపెనీ పెట్టింది. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య దూరం తగ్గించింది, ముందు చక్రం చిన్నది చేసింది. డండా మాత్రం ఉంచింది! 2019 వచ్చేసరికి స్పెషలైజ్డ్ అనే పెద్ద కంపెనీ వేలమంది కొలతలు చూసి, ఆడ-మగ తేడా కంటే మనిషికీ మనిషికీ తేడానే ఎక్కువని ఆడవాళ్లకు వేరే ఫ్రేములు మానేసింది. సీటు సంగతి వేరు. కూర్చునే ఎముకల మధ్య దూరం ఆడవాళ్లకు సగటున ఎక్కువ, అందుకే వెడల్పు సీటు.

ఇప్పుడు మా చెల్లి ఎనిమిది. మొన్న సెలవులకు పోయినప్పుడు బాపు సైకిల్‌ని వైరా తెచ్చి చైన్ కవర్ వేయించిన, సీటు మొత్తం దించించిన. పెడల్ కిందికి పోయినప్పుడు కాలు చాపితే మడమ దానికి తగలాలి, అదీ లెక్క. చెల్లికి వేళ్లు కూడా అందట్లేదు. ఏన్కూరు, జూలూరుపాడు వైపు ఎవరింట్లోనన్నా చిన్న ఫ్రేము పాత సైకిల్ ఉంటే చెప్పండి, రేటు మాట్లాడుకుందాం. డండా ఉన్నా పర్లేదు, లేకున్నా పర్లేదు.