కుప్ప

కిందటి సంక్రాంతికి ముందు, ఫొటోలు తీసే మిత్రుడొకాయన నా ముందు ఒక నలుపు తెలుపు ఫొటో పెట్టాడు. దూరం నుంచి తీసింది. మధ్యలో గోపురంలా లేచిన కుప్ప. దాని మొదట్లో వంగి ఏదో ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ళు. పక్కన తొట్టి పైకెత్తి నిలబడ్డ లారీ. పైన నాలుగు కొంగలు.

"ఎవరిదండీ ఈ కుప్ప? ఇంకా నూర్చలేదా?" అన్నాను.

"నూర్చే కుప్ప కాదండీ, చెత్తకుప్ప. టౌను అవతల డంపింగ్ యార్డు."

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. గడ్డిపరకలనుకున్నవి చిరిగిన ప్లాస్టిక్ సంచుల పీలికలు. ఆడవాళ్ళ చేతుల్లో కొడవళ్ళు లేవు, కొసన వంచిన ఇనప చువ్వలున్నాయి. అయినా నా నోటికి ముందొచ్చిన మాటను వెనక్కి తీసుకోవలసిన పని పడలేదు. ఆయనదీ కుప్పే, నాదీ కుప్పే. అప్పటినుంచీ ఈ మాట నన్ను పట్టుకుంది.

వరికుప్ప, కందికుప్ప, ఇసుకకుప్ప, విప్పిన బట్టల కుప్ప, పెంటకుప్ప. తెలుగులో ఈ మాట ఆకారం చెప్పి ఊరుకుంటుంది. లోపల ఏముందో, దాని ఖరీదెంతో ముందున్న మాట చెప్పుకోవాలి.

వరికుప్ప వేయడం పనితనం తెలిసిన చేతుల పని. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి వచ్చేలా పనలు గుండ్రంగా పేర్చి, పైకి పోయేకొద్దీ సన్నం చేసి, నెత్తిన గడ్డి కప్పుతారు. అకాల వాన పడ్డా నీళ్ళు మొదళ్ళ మీంచి జారిపోవాలి, గింజ తడవకూడదు. పేర్పు తప్పితే కుప్ప ఒక పక్కకి ఒరుగుతుంది, ఒరిగిందంటే మొత్తం జారుతుంది. మనిషి కుప్పకూలాడని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ ఒరుగుడే కళ్ళకు కడుతుంది.

తమిళంలో ఇది కుప్పై, మలయాళంలో కుప్ప, కన్నడంలో కుప్పె. అందరూ ఒక తల్లి పిల్లలే, పెరిగిన ఇళ్ళు వేరు. తమిళ కుప్పైకి ధాన్యరాశి అనే అర్థం నిఘంటువుల్లో ఉన్నా, వీధిలో దాని అర్థం చెత్తే. చెన్నైలో చెత్తతొట్టి కుప్పైతొట్టి, చెత్తబండి కుప్పైవండి. మన రైతు ఎవరైనా అక్కడి చుట్టాలింట్లో దిగి, మా కుప్ప ఈ యేడు పెద్దదని గర్వంగా చెప్పుకుంటే, వినేవాళ్ళు మర్యాదకు మాట మార్చాలి.

మనకు రాశి అనే సంస్కృతపు మాట కూడా ఉంది. ధాన్యరాశి, రత్నరాశి, ఆకాశంలో మేషరాశి. చెత్తరాశి అని మాత్రం ఏ నోటా వినలేదు. చెత్త అన్న మాటేమో విడిగా తీర్పు చెప్పేస్తుంది: చెత్త సినిమా, చెత్త మాట. దీని తమిళ చుట్టం సెత్తై అంటే రాలి ఎండిన ఆకూ గడ్డీ. పొద్దున్నే వాకిలి ఊడ్చి కుప్పేసిన వేపాకుల్లో ఆ పాత అర్థం ఇంకా గలగలమంటూనే ఉంది. రాశికీ చెత్తకూ మధ్య, ఏ తీర్పూ చెప్పని మాట కుప్ప ఒక్కటే.

ఇక డంపు. ఇంగ్లీషులో దాని పుట్టుక దబ్బున పడడంలో ఉంది. స్కాండినేవియా భాషల్లో దాని చుట్టాలు ఆ చప్పుడునే చెబుతాయి. టిప్పర్ తొట్టి లేచి, వెనక తలుపు తెరుచుకుని, సరుకంతా ఒక్కసారిగా కిందకి దిగేటప్పుడు వినండి, మాట సరిగ్గా అతికినట్టుంటుంది. డంప్ పడే క్షణాన్ని పట్టుకుంది, కుప్ప పడ్డాక నిలిచినదాన్ని.

అయితే తెలుగు పత్రికల్లోకి వచ్చాక డంపు చిత్రమైన దారి పట్టింది. మావోయిస్టుల డంపు, ఎర్రచందనం డంపు, ఇసుక డంపు. సైన్యం వాళ్ళు మందుగుండు దాచే చోటును డంప్ అనేవాళ్ళు, మన విలేకరులకు నచ్చింది ఆ అర్థమే. ఇంగ్లీషులో అక్కర్లేక పారేసే చోటుకు చెప్పే మాట, మన దగ్గర విలువైనది దాచిన చోటుకు స్థిరపడింది. చెత్తకు మాత్రం డంపింగ్ యార్డు అని పూర్తి పేరు పెట్టి పిలవాలి.

ఈ తారుమారు కెమెరా పట్టుకున్నవాళ్ళకు బాగా తెలుసు. 1935లో వాకర్ ఎవాన్స్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పాత కార్ల తుక్కుస్థలాన్ని ఫొటో తీశాడు. పొలంలో మేతకు వదిలిన మందలా కార్ల గుల్లలు. ఆ ఫొటో పేరులో ఉన్నది గ్రేవ్‌యార్డ్, అంటే కార్ల వల్లకాడు. 1972లో ఇర్వింగ్ పెన్ న్యూయార్కు వీధుల్లో తొక్కి పారేసిన సిగరెట్ పీకలను తెప్పించి, మనుషుల బొమ్మలు తీసినంత శ్రద్ధగా తీశాడు. ఆ ఫొటోలను అచ్చువేసింది ప్లాటినం లవణాలతో. నలిగిన కాగితం మడతా, అంచున అంటిన పొగాకు పోగూ ఆలయ స్తంభం మీది చెక్కడంలా కనిపిస్తాయి. 1975లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో వాటిని గోడకు పెట్టారు. పెన్ చేసిన పని మన కుప్ప చేసేదే: విలువ అడగకుండా ఆకారం చూడడం. ఇంతకన్నా గౌరవంగా పీకను ఎవరూ చూసి ఉండరని నా నమ్మకం.

పేర్ల సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాత పుట్టిన బిడ్డను మన ఊళ్ళలో పెంటకుప్ప మీద పడుకోబెట్టేవాళ్ళు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు పక్కనించి పోవాలని. ఆ బిడ్డకు పెంటయ్య అనో, పెంటమ్మ అనో పేరు. తవుడు తీసుకుని బిడ్డను ఇచ్చి, మళ్ళీ తెచ్చుకుంటే తవిటయ్య. తమిళనాట ఇదే ఆచారం కుప్పన్, కుప్పమ్మ, కుప్పుస్వామి అయింది. మద్రాసులో సంస్కృత పండితుడిగా మహామహోపాధ్యాయ బిరుదు పొందిన ఎస్. కుప్పుస్వామి శాస్త్రి పేరులోనూ ఉన్నది ఈ కుప్పే. ఈ పేర్లు విని నవ్వేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఒక తల్లి తన బిడ్డను పారేసినట్టు నటించి దక్కించుకున్న మాట అది. తెలుగులో ఇంత బరువు మోసే పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టాలి.

ఫ్రాన్సులో ఇందుకు ఎదురు నడక జరిగింది. 1883లో పారిస్ పరిపాలకుడు యూజీన్ పుబెల్ ప్రతి ఇంటి యజమానీ మూత ఉన్న చెత్తడబ్బాలు పెట్టి తీరాలని ఆజ్ఞ వేశాడు. ఫ్రెంచివాళ్ళు చెత్తడబ్బాను ఇవాళ్టికీ పుబెల్ అనే అంటారు. మన దగ్గర కుప్ప పేరు మనిషికొచ్చింది, అక్కడ మనిషి పేరు తొట్టికి పోయింది.

కుప్ప పాతబడితే పేరు మారుతుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తువేత్త దాన్ని తవ్వాడు. నాలుగు వేల ఏళ్ళకు పూర్వం పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ, పదే పదే తగలబడి, ఆ దిబ్బ అయిందని తేలింది. పొరల మధ్య ఆవుల గిట్టల గుర్తులు అలాగే ఉన్నాయి. ఒకప్పటి పశువుల దొడ్డి పెంటకుప్పే అది. అమరావతిలో ఊరివాళ్ళు దీపాలదిన్నె అన్న గుట్టలో, ఇటుకలకోసం తవ్వుతుంటే మహాస్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వేయరు వచ్చి చూసేసరికే చాలా రాళ్ళు ఇళ్ళకూ సున్నపు బట్టీలకూ పోతున్నాయి.

కుప్పను మనుషులు వేస్తారు, రోజూ ముట్టుకుంటారు, ఏరుకుంటారు. ముట్టుకోవడం మానేసి గడ్డి మొలవనిస్తే జనం దాన్ని దిబ్బ అంటారు. హైదరాబాదులో జవహర్‌నగర్ యార్డులో పేరుకున్న పాత చెత్తను మట్టి పొరలతో కప్పేశారు. మా మిత్రుడు తీసిన యార్డుకూ ఆ తరవాత అదే వంతు వచ్చింది.

వానాకాలం పోయాక ఆయన అదే చోటునుంచి, అదే దూరంలో ఇంకో ఫొటో తీసి పంపాడు. లారీ లేదు. చువ్వలతో ఏరే ఆడవాళ్ళు లేరు, వాళ్ళు ఇప్పుడు ఏ యార్డుకు వెళ్తున్నారో కనుక్కోవాలన్నాడు. మోకాలెత్తు గడ్డిలో మేకలు. మొదటి ఫొటో వెనక పెన్సిలుతో కుప్ప అని రాసిన మనిషే, ఎవరూ చెప్పకుండానే, దీని వెనక దిబ్బ అని రాశాడు.