ఎవరు తెల్లవాళ్ళు? – 1923 నాటి ఒక తీర్పు

సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి వచ్చిన రోజు మన ఇళ్ళల్లో పాయసం వండుకుంటాం. భారతీయులు ఆ కాగితం అడగడానికే అర్హులు కారని ఈ దేశపు సుప్రీంకోర్టు తేల్చిన రోజు కూడా ఒకటుంది. ఆ కథ మన పిల్లలకి మనమే చెప్పాలి.

1790 నాటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో స్వేచ్ఛ గల తెల్లవాళ్ళు మాత్రమే పౌరులు కాగలరు. అంతర్యుద్ధం తరువాత, 1870లో, ఆఫ్రికా సంతతి వారిని కూడా చేర్చారు. ఆసియావాళ్ళు ఎటూ కాకుండా మిగిలిపోయారు. తెల్లదనమంటే ఒంటిరంగు ఒక్కటే కాదు. ఓటు, పాస్‌పోర్టు, కాలిఫోర్నియా లాంటి చోట్ల భూమి కొనుక్కునే హక్కు, అన్నీ దానితోనే వచ్చేవి.

భగత్ సింగ్ థిండ్ పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. 1920లో ఆరిగన్‌లోని కోర్టు ఆయనకి పౌరసత్వం ఇస్తే ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. థిండ్ వాదన ఏమిటంటే, తాను ఉన్నతకులస్థుడు, ఆర్యుడు. శాస్త్రజ్ఞుల లెక్కలో ఆర్యులు కకేసియన్లు. కకేసియన్లంటే తెల్లవాళ్ళే కదా అని. అమెరికాలో తెల్లవాళ్ళు నల్లవాళ్ళతో వియ్యమందనట్టే మా పైకులాలవాళ్ళు ఆదివాసులతో వియ్యమందరు అని కూడా ఆయన తరఫు పత్రాల్లో రాశారు! రంగు గోడని కూలగొట్టమని కాదు, తనని గోడకి అవతలి పక్కకి చేర్చమని అడిగారన్నమాట.

అంతకు మూడు నెలల ముందు, ఒజావా అనే జపాన్ దేశస్థుడికి అదే కోర్టు "ఒళ్ళు తెల్లగా ఉంటే చాలదు, కకేసియన్ అయివుండాలి" అన్న అర్థం వచ్చేలా చెప్పింది. 1923 ఫిబ్రవరి 19న థిండ్‌కి "కకేసియన్ అయితే చాలదు, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు అనిపించుకోవాలి" అన్నట్టు చెప్పింది. రెండు తీర్పులూ రాసింది జార్జ్ సదర్లండ్ అనే ఒకే న్యాయమూర్తి. ఇవి చదివినప్పుడు, జవాబు ముందే నిర్ణయించుకుని తరువాత లాజిక్ రాసుకున్న ప్రోగ్రాం గుర్తొచ్చింది నాకు.

పదులమంది భారతీయుల పౌరసత్వాలు రద్దయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఇల్లు, దుకాణం వదులుకున్నాడు. ఇండియా చూసివద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకుముందే ఆ కుటుంబం బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాను తెచ్చుకుంటే, ఇరుగుపొరుగువాళ్ళు లోపలికి రానివ్వకుండా తాళం వేశారట. ఇప్పుడు అదే బర్క్‌లీలో ఒక వీధికి ఆయన భార్య కళా బగాయ్ పేరు ఉంది.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరింది కూడా ఆ రోజుల్లోనే. ఎన్ని మందులు కనిపెట్టినా 1946 దాకా ఆయనకి పౌరసత్వం అడిగే హక్కే లేదు. ఆ ఏడాది హక్కు వచ్చింది కాని, కోటా మాత్రం ఏడాదికి వందమంది! మనలాంటి వాళ్ళకి తలుపు బార్లా తెరుచుకున్నది 1965 చట్టంతో. అది 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వెనకాలే వచ్చింది. ఆ చట్టాల కోసం దెబ్బలు తిన్నదీ, జైళ్ళకి వెళ్ళిందీ ముఖ్యంగా నల్లజాతివాళ్ళు. వాళ్ళు నడిచిన దారిలోనే మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానం దిగారు.

ఇక్కడే పుట్టిన మన పిల్లల్ని "అసలు మీదే దేశం?" అని ఇప్పటికీ అడుగుతుంటే నొచ్చుకుంటాం, సరే. మరి ఇల్లు కొనేముందు "ఆ ఏరియాలో వాళ్ళు ఎక్కువ, మనకొద్దు" అనే మాట మన విందుల్లో ఎన్నిసార్లు వినపడదు? 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు, తాను కాల్చింది ఇరానీయుల్ని అనుకున్నాడు. అడ్డుపడ్డ తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ద్వేషంతో చూసే కంటికి మన డిగ్రీలూ కనపడవు, కులాలూ కనపడవు.

గోడ అవతలికి చేర్చమని అడిగిన వాదన 1923లోనే ఓడిపోయింది. ఆ గోడలో మనకి దారి చేసిపెట్టినవాళ్ళని "వాళ్ళు" అనడం మన ఇళ్ళల్లోనైనా మానుకోవాలి.