హెంప్ గింజల నూనె: కూర్పు, వాడకం

గంజాయి జాతిలోనే మత్తు పదార్థం అతి స్వల్పంగా ఉండే రకాలను హెంప్ అని వ్యవహరిస్తారు. దీని గింజలు ఉపఖండానికి కొత్త కావు. ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ ప్రాంతంలో వేయించిన భంగు గింజలతో, నిమ్మరసం, పచ్చిమిర్చి చేర్చి పచ్చడి నూరుతారు. నేపాల్ కొండ ప్రాంతాల్లోనూ ఈ వాడుక ఉంది.

పొట్టుతో ఉన్న గింజలో నూనె సుమారు 25 నుంచి 35 శాతం. నువ్వులు, వేరుశనగలలో 45–50 శాతం వరకు ఉంటుంది కనుక, పరిమాణంలో హెంప్‌ది పైచేయి కాదు. పొట్టు తీసిన పప్పులో మాత్రం దాదాపు సగం కొవ్వే. ప్యాకెట్లపై అంకెలు చూసేటప్పుడు ఈ తేడాను గమనించాలి.

అసలు విశేషం కొవ్వు ఆమ్లాల కూర్పులో ఉంది. వాటిలో 50–60 శాతం లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా-6. మరో 15–25 శాతం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒమేగా-3. ఈ రెండింటినీ శరీరం తనంతట తాను తయారు చేసుకోలేదు. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనెలలో ఒమేగా-3 నామమాత్రమే. అయితే ఒమేగా-3 ఒక్కటే కావాలనుకుంటే చిరపరిచితమైన అవిసె నూనెదే అగ్రస్థానం. వంటనూనెల్లో అరుదైన గామా లినోలెనిక్ ఆమ్లం హెంప్‌లో 1–4 శాతం లభిస్తుంది. ఒలీక్ ఆమ్లం 10–15 శాతం. పామిటిక్, స్టియరిక్ వంటి సంతృప్త ఆమ్లాలు మొత్తం మీద 10 శాతం దరిదాపుల్లో ఉంటాయి. రకాన్ని, వాతావరణాన్ని బట్టి ఈ నిష్పత్తులు మారుతాయి.

ఇంతటి అసంతృప్త కొవ్వే ఈ నూనెకు బలహీనత కూడా. గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా ముక్కిపోతుంది. నూనెకు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం వెలుతురులో ఆ చర్యను వేగవంతం చేస్తుంది. ఒకప్పుడు రంగులు, వార్నిష్‌ల తయారీకి దీనిని వాడినదీ గాలికి ఆరి గట్టిపడే ఈ స్వభావం వల్లనే. కాబట్టి వేపుళ్లకు ఇది తగదు. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచి, వండిన పదార్థాలపై పచ్చిగా చల్లుకోవడమే మేలు.

పుష్పభాగాలతో కలవని గింజలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని గంజాయి నిర్వచనం పరిధిలోకి రావు. ఆహారంగా వీటి విక్రయానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం మత్తు పదార్థమైన టీహెచ్‌సీ కిలో గింజల్లో 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు మించరాదు. నిజానికి గింజ లోపల అది ఉండదనే చెప్పాలి. పొట్టుకు అంటుకున్న జిగురు ద్వారానే చేరుతుంది.

తెలుగులో పేరుతోనే ఒక చిక్కు ఉంది. హెంప్‌ను కొందరు జనుము అని అనువదిస్తున్నారు. రైతులు పచ్చిరొట్ట ఎరువుగా చల్లే జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన వేరే మొక్క. దాని గింజల్లో కాలేయానికి హాని చేసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. హెంప్ గింజలుగా భావించి వాటిని ఆహారంలో వాడరాదు.