నూలి పున్నమి - బొంబాయి తెలుగు నేతవారు

శ్రావణ పూర్ణిమకు తెలుగునాట పేర్లు పెక్కు. వేదాధ్యయనపరులకది ఉపాకర్మ, సామాన్యులకు జంధ్యాల పున్నమి, రాఖీ పున్నమి, తెలంగాణమునందలి నేతవారికి నూలి పున్నమి. బొంబాయిలో అదే నాడు కోలీలు సముద్రునకు నారికేళము సమర్పించి, వానకాలపు విరామము తీరినదని పడవలను నీట దింపుదురు. మహారాష్ట్రులు ఆ దినమును నారళీ పున్నమి యందురు. ఈ సందడి నడుమ నగరమునందలి తెలుగు పద్మశాలీలు తమ మూలపురుషుడగు మార్కండేయ మహర్షిని పూజించి, క్రొత్త యజ్ఞోపవీతములు ధరింతురు. ఇందు విచారింపదగిన విషయమొకటి కలదు. ఈ నగరమునకు వచ్చిన తెలుగు నేతగాడు తన ఇంట మగ్గమును నిలుపుకొనలేకపోయెను. నూలి పున్నమిని మాత్రము విడువలేదు.

బొంబాయి తెలుగువారనగానే కామాఠిపుర స్మరణకు వచ్చును. అయితే అచ్చటికి మొదట వచ్చిన తెలుగువారు నేతవారు కారు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున సిద్ధమైన బొంబాయి గెజెటీరు ప్రకారము, పదునెనిమిదవ శతాబ్ది తుదిభాగమున నిజాము రాజ్యమునుండి వచ్చిన కామాటీల వలన ఆ పేటకు పేరు కలిగినది. కామాటి యనగా మట్టిపని, కట్టుబడిపని చేయు కూలి. హార్న్‌బీ వెల్లార్డు అను గట్టు సముద్రపు పోటు నాపిన పిమ్మటనే నగర మధ్యమందలి చిత్తడి నేలలు నివాసయోగ్యములైనవి. అట్టి పల్లపు నేల మీదనే కామాఠిపుర వెలసినది. ఈ వర్గమునుండి గుత్తేదారులును, సంఘ సంస్కర్తలును బయలుదేరిరి. 1873లో జ్యోతిరావు ఫూలే పూనాలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు మొదలగు తెలుగు ప్రముఖులుండిరి. నేడు కామాఠిపుర పేరెత్తిన పత్రికలు వేరొక సంగతినే వ్రాయును గాని, ఆ పేరులోని కామాటిని తలచువారు అరుదు.

నేతవారి రాక దీనికి భిన్నము. 1854లో కావస్‌జీ దావర్ తాడ్‌దేవులో తొలి నూలు మిల్లునకు పునాది వేసెను. 1856లో అందు పని మొదలయ్యెను. 1874లో సికింద్రాబాదు, వాడీల నడుమ రైలుమార్గమేర్పడుటతో నిజాము రాజ్యము బొంబాయి మార్గముతో కలిసెను. ఆ రైలు రెండు పనులు చేసినది. మిల్లు బట్టను పల్లెకు తెచ్చినది. పల్లెలోని నేతగానిని మిల్లునకు కొనిపోయినది. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల సాలెవారు కొందరు షోలాపూరులో ఆగిరి. కొందరు భీవండికి, కొందరు బొంబాయికి చేరిరి. వర్లీ, లోయర్ పరేలు, ప్రభాదేవి పేటల యందలి చాళ్లు వారికి నివాసములైనవి.

ఇచ్చట మగ్గము సంగతి కొంత వివరముగా చెప్పవలెను. తెలంగాణమున వాడుకలోనున్నది గుంట మగ్గము. నేలలో గుంట త్రవ్వి, నేతగాడు కాళ్లు అందులో దింపుకొని కూర్చుండి తొక్కుడు చెక్కలను త్రొక్కును. అనగా మగ్గమునకు మట్టినేల కావలెను. అంతటితో తీరదు. పడుగును పొడవునా చాచి, గంజిపెట్టి, కుంచెతో దువ్వి ఆరవేయుటకు వీధి కావలెను. ఇంటి స్త్రీలు కండెలు చుట్టుటకును, ఆసు పోయుటకును వసారా కావలెను. ఒక చీర వెనుక కుటుంబమంతయు, కొంతవరకు ఊరంతయు నుండును.

చాలులో ఈ మూడును లేవు. 1920వ దశకమున బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వర్లీ, నాయ్‌గావ్ మొదలగు చోట్ల కట్టించిన చాళ్లలో ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపు అడుగులు. మూడవ అంతస్తులో గుంట ఎచ్చట త్రవ్వవలెను? ఉమ్మడి నడవలో పడుగు ఎట్లు చాపవలెను? మగ్గము ఊర నిలిచిపోవుటకు మిల్లు యంత్రము ఎంత కారణమో, ఈ గది కొలత కూడ అంత కారణము. చరిత్రకారులు మొదటిదానిని విరివిగా వ్రాసిరి. రెండవదానిపై వారి దృష్టి అంతగా పడలేదు. మగ్గము పోగా పురుషులు మిల్లులకు నడచిరి; స్త్రీలలో పలువురు బీడీలు చుట్టుటకు కూర్చుండిరి. కండె తిప్పిన వ్రేళ్లకు బీడీ ఆకు దొరకినది.

ఇట్లు మగ్గమునుండి విడివడినవారికి దానిని జ్ఞాపకముంచుకొను చోటు పండుగయే అయినది. మార్కండేయుని కుమారుడు భావనాఋషి పద్మనాళపు పోగులతో దేవతలకు వస్త్రము నేసెననియు, సూర్యపుత్రిక భద్రావతిని పెండ్లాడెననియు, పులి ఆయన వాహనమనియు కుల పురాణము చెప్పును. తెలంగాణమున ఈ కథను పద్మశాలీల నాశ్రయించిన కూనపులివారు పాడుదురు. నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవాటి పటమును వ్రేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మను చూపుచు కథ నడపుదురు. మగ్గమును మోసికొనిపోలేనివాడు కథను మోసికొనిపోగలడు. జంధ్యమును అంతే. తొమ్మిది నూలుపోగుల ఆ త్రాడునకు గుంట అక్కరలేదు, వీధి అక్కరలేదు. షోలాపూరులో తెలుగు నేతవారు నిలువదొక్కుకొని పెద్ద సంఖ్యలో స్థిరపడుటచే నారళీ పున్నమినాటి మార్కండేయ రథోత్సవము ఆ ఊరి పండుగలలోనే ముఖ్యమైనది. బొంబాయి చాళ్లలోని పూజలు అంత వైభవము కలవి కావు. అయినను సెలవు దొరకని షిఫ్టు పనివానికి ఏడాదిలో ఆ ఒక్కనాడు తాను ఫలానా మిల్లు నంబరు గాక సాలెవాడననిపించుకొనుట చిన్న విషయము కాదు.

ఐనను ఈ నూలుపోగునకు రెండవ ప్రక్క కూడ కలదు. దానిని దాచి వ్రాయు చరిత్ర స్తోత్రమగును గాని చరిత్ర కాదు. మిల్లులలో కండె మార్చినప్పుడెల్ల నేతగాడు నాడె కంటికి నోరాన్చి పోగును పీల్చి బయటికి లాగవలసియుండెను. ఒకరి నోరు తగిలిన నాడె మరియొకరు ముట్టవలసి వచ్చునని చెప్పి, ఎక్కువ కూలి గిట్టు నేతఖాతాలోనికి అంటరానివారిని రానీయకుండిరి. 1928 సార్వత్రిక సమ్మె సందర్భమున డాక్టరు అంబేద్కరు ఈ అన్యాయమును ప్రశ్నించి, నేతఖాతా తలుపులు తెరువవలెనని పట్టుపట్టెను. నేత విద్య కులధనమని గర్వించిన పద్మశాలికి మిల్లులోని నేతఖాతా సులభముగా దొరకినది. అదే తెలుగు మాటాడుచు, అదే నిజాము రాజ్యమునుండి వచ్చిన మాల మాదిగలకు దొరకలేదు. వీరిరువురి ప్రయాణమును ‘బొంబాయి తెలుగువారు’ అను ఒక్క మాటతో చుట్టివేయుట పొరపాటు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగిరి. ఆ సమ్మెను ముగించితిమని ఎవరును ప్రకటింపలేదు. మిల్లులే క్రమముగా మూతపడినవి. ఊర మగ్గమును, నగరమున మిల్లును పోగొట్టుకొన్న నేతగానికి ఇది రెండవ దెబ్బ. కొందరు భీవండి పవర్‌లూములకు పోయిరి, కొందరు స్వగ్రామములకు మరలిరి. మిల్లుల తావున అంగడి మేడలు లేచినవి. చాళ్ల వంతు తరువాత వచ్చినది: 2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానమున కట్టిన ఎత్తైన భవనములలో తొలి విడతగా 556 కుటుంబములకు తాళపుచెవులు ఇచ్చిరి. గదులు పెద్దవైనవి. ఊరేగింపు బయలుదేరు నడవయు, ముంగిలియు మాత్రము ఆ పటములలో లేవు. కార్పొరేషను బడులలో తెలుగు మాధ్యమము నిలిచియున్నంతకాలము మార్కండేయుని కథ తెలుగున వినగల పిల్లలుందురు. ఆ బడులకు వచ్చు పిల్లల సంఖ్యను బట్టియే పండుగ ఏ భాషలో జరుగునో తేలును.

బొంబాయి తెలుగువారి నేత చరిత్రలో ఒక జాడ మాత్రము నగరమునుండి వెనుకకు నడచినది. మిల్లులలో నేతఖాతాను మరాఠీ కార్మికులు సాచా ఖాతా యనుచుండిరి. పడమటి పట్టణములలో పని నేర్చి తిరిగివచ్చిన నేతవారి చేతులలో పెరిగిన సిరిసిల్లలో మరమగ్గమునకు పేరు సాంచా. 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరల పని అప్పగించినప్పుడు వానిని నేసినది ఈ సాంచాలే.