ప్రాణహిత: కాళేశ్వర సంగమము

గంగకు హిమానీనదము జన్మస్థానము. గోదావరికి వర్షమే ఆధారము. త్ర్యంబకమున జనించి, జయక్వాడి, శ్రీరాంసాగర్ జలాశయములలో నిలిచి, వేసవికి సన్నగిల్లిన గోదావరికి భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున ప్రాణము పోయునది ప్రాణహిత. పేరెంత సార్థకము! సాత్పురా శ్రేణులలో పుట్టిన వార్ధా, వైనగంగలు మహారాష్ట్ర సరిహద్దున ఏకమై ఈ నామము దాల్చి, రెండు రాష్ట్రములకు ఎల్లయై ప్రవహించును. అంతర్వాహినియైన సరస్వతితో కూడి ఇది త్రివేణీసంగమము. ఆలయమున ఒకే పానవట్టముపై యముడు, శివుడు ఇరువురి లింగములు. ముక్తేశ్వరుని రంధ్రములలో పోసిన అభిషేకజలము సంగమమును చేరునని విశ్వాసము.

2016లో ఇరు రాష్ట్రములు ఒడంబడిక చేసికొనగా, సంగమమునకు దిగువన మేడిగడ్డ ఆనకట్ట 2019లో ప్రారంభమయ్యెను. సంగమము దాటిన జలమును యంత్రములతో మరల ఎగువకు ఎత్తిపోయుట దాని సంకల్పము. 2023 అక్టోబరులో దాని స్తంభములు కుంగెను. అంతకు ముందటి యేడు, ఏప్రిలులో, ప్రాణహితా పుష్కరములకు ఇటు కాళేశ్వరమునను అటు సిరొంచయందును భక్తులు స్నానమాచరించిరి.