అమ్మమ్మ తల్లి పేరేమి?

వంశచరిత్ర యనగా మనకు సామాన్యముగా తండ్రి, తాత, ముత్తాతల వరుసయే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ యింట నడిగినను ఇంటిపేరు, గోత్రము, రెండు మూడు తరముల పురుషుల నామములు వెంటనే దొరకును. అమ్మమ్మ తల్లి యెవరు, ఆమె ఏ యూరి యాడబిడ్డ యని యడిగినచో సమాధానము తఱచుగా నిలిచిపోవును. ఈ మఱపు ఎట్లు కలిగెనో విచారింతము.

మన శ్రాద్ధవిధినే చూడుడు. తల్లి, పితామహి, ప్రపితామహి స్మరింపబడుదురు. మువ్వురును తండ్రి వంశమున మెట్టిన కోడండ్రే. మాతామహిని కూడ స్మరింతుము గాని, ఆమె తరువాత వచ్చునది ఆమె తల్లి కాదు, అత్తగారు. కులగాథలును ఇట్టివే. పద్మశాలీలకు పటము చూపి కథాగానము చేయు కూనపులివారు తెలంగాణమున కలరు. ఆ కులమువారి గోత్రములు భావనాఋషి కుమారుల పేర వెలసినవని ప్రతీతి. కూతుండ్ర పేర గోత్రము లేదు.

అయినను ఈ నేల తల్లి పేరును ఎఱుగనిది కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డునున్న కోటిలింగాలయందు తొలి శాతవాహనుడైన చిముకుని నాణెములు దొరకినవి. ఆ వంశమున పిమ్మట వచ్చిన రాజులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లుల గోత్రనామములతో ప్రసిద్ధులైరి. రాజ్యము మాత్రము పురుషుల వరుసలోనే సంక్రమించినది. గౌతమికి బాలశ్రీ యను సొంత పేరు గలదని మన మెఱుగుట, మనుమడైన పులుమావి పందొమ్మిదవ రాజ్యసంవత్సరమున ఆమె నాసికలో గుహను దానమిచ్చి శాసనము వ్రాయించుటచేతనే. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి వేయించిన శాసనము ఆ వంశావళికే ముఖ్యాధార మైనది. స్త్రీ వ్రాయించినచోట స్త్రీ పేరు నిలిచినది; పురుషుల చరిత్రయు నిలిచినది.

ప్రకృతియు ఈ వరుసను విడువలేదు. జీవకణములోని మైటోకాండ్రియా యందలి డి.ఎన్.ఏ. బిడ్డలకు తల్లినుండియే వచ్చును. కూతుండ్రే దానిని ముందు తరమున కందింతురు. కాని అది పేర్లు చెప్పదు. పేర్లు చెప్పవలసినవారు మన యింటి వృద్ధురాండ్రు.

కనుక బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలు తల్లిగారింట కూడినపుడు ఒక పుస్తకము తెఱచి యడుగుడు. పెండ్లితో ఇంటిపేరు మారును గావున, ప్రతి స్త్రీకిని పుట్టినింటిపేరు, తల్లిగారి ఊరు, తోబుట్టువుల పేర్లు వ్రాయుడు. మనుమరాలికి అవ్వ పేరు పెట్టు ఆచారముచే ఒకే పేరు మరల మరల వచ్చును. ఊరి పేరే వారిని వేఱుపఱుచును. మేనమామ మేనకోడలిని పెండ్లాడిన యింట బిడ్డకు నాయనమ్మయే అమ్మమ్మ తల్లియు నగును. అట్టి చోట రెండు శాఖలును ఒకచోటనే కలియును.

ఇది వేడుక మాత్రమే కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును 2005లో సవరించి, ఉమ్మడి యాస్తిలో కూతునకు కుమారునితో సమానమైన జన్మహక్కు నొసగిరి. ఎవరి కూతురో కాగితముపై లేనిచో ఆ హక్కును నిరూపించుకొనుట కష్టము. శాసనము చెక్కించుటకు మనము రాణులము కానక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక కలము చాలును. వృద్ధురాలు జీవించియుండగనే ఆ పని జరుగవలయును.