శ్వాసకోశ వైరస్ జబ్బుల తరువాత నిలిచే రోగనిరోధక శక్తి

శ్వాసమార్గం ద్వారా సోకే వైరస్ జబ్బు నుంచి కోలుకున్నవారి ఒంట్లో అదే వైరస్‌ను మళ్లీ ఎదుర్కొనే శక్తి నిలిచి ఉంటుంది. రక్తంలోని యాంటీబాడీలు, వాటిని తయారుచేసే ప్లాస్మా కణాలు, జ్ఞాపక బి, టి కణాలు దీనికి ఆధారం. ఇది ఎంతకాలం నిలుస్తుందనేది వైరస్‌ను బట్టి ఉంటుంది. తట్టు విషయంలో దాదాపు జీవితాంతం ఉంటుంది. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లైతే ఏడాది తిరిగేసరికి మళ్లీ సోకవచ్చు.

చరిత్ర

తట్టు పోసిన బిడ్డకు మళ్లీ పోయదని చిత్తూరు ప్రాంతంలోని గంగవరం, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పెద్దవాళ్లకు అనుభవం మీద తెలుసు. ఈ సంగతిని లెక్కగట్టి చూపినవాడు డెన్మార్క్ వైద్యుడు పీటర్ పానుమ్. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగి, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా పడకేశారు. అక్కడ అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు పోసి, 65 ఏళ్ల తరువాత ఇంకా బతికున్న ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదని ఆయన ఓపికగా నమోదు చేశాడు.

1918 ఇన్‌ఫ్లుయెంజా భారతదేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాటి మహమ్మారిని దాటి బతికిన 91 నుంచి 101 ఏళ్ల వయసున్న 32 మందిని అమెరికాలో పరీక్షిస్తే, ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు వారిలో ఇంకా ఉన్నాయని 2008లో తేలింది.

 

ఈ రక్షణ ఇన్నేళ్లు ఎలా నిలుస్తుందో వివరించినవారిలో ముఖ్యుడు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివిన రఫీ అహ్మద్. వైరస్ సోకి తగ్గిన ఎలుకల్లో ప్లాస్మా కణాలు మూలుగలో చేరి, కొత్త కణాల సాయం లేకుండానే ఏడాదికి పైగా బతికి యాంటీబాడీలను అందిస్తాయని 1998లో ఆయన బృందం నిరూపించింది.

కోవిడ్ కాలం

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఆ ఆగస్టులో చిత్తూరుతో సహా జిల్లాలన్నిటా నమూనాలు తీసి చేసిన సర్వేలో 19.7 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. హైదరాబాద్‌లో పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో సుమారు 9,000 మందిని పరీక్షించాయి. 2021 మార్చిలో వెలువడిన ఆ ఫలితాల్లో ఈ వాటా 54 శాతం. యాంటీబాడీలు ఉన్నవారిలో నాలుగింట మూడొంతుల మందికి తమకు జబ్బు సోకిన సంగతే తెలియదు. అయినా వారాలు తిరగకుండానే డెల్టా రకం వైరస్ ఉధృతి నగరాన్ని ముంచెత్తింది. సగం జనానికి యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన మహమ్మారి ఆగదని తేలిపోయింది. ఆ ఏడాది జూన్, జులైలలో జరిగిన జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ వాటా 70.2 శాతం, తెలంగాణది 63.1. వీటిలో టీకా వేయించుకున్నవారూ ఉన్నారు.

అదే ఏడాది రఫీ అహ్మద్ తదితరులు అమెరికాలో 254 మంది కోవిడ్ బాధితులను 8 నెలల వరకు గమనించారు. యాంటీబాడీలు మెల్లగా తగ్గాయి గాని, జ్ఞాపక బి కణాలు చెక్కుచెదరలేదు.

2022లో తెలుగు కార్మికులు చాలామంది ఉండే ఖతర్ నుంచి స్పష్టమైన లెక్కలు వచ్చాయి. ఒకసారి కోవిడ్ వచ్చి తగ్గినవారికి డెల్టా మళ్లీ సోకకుండా 92 శాతం రక్షణ ఉండగా, ఆ తరువాత వచ్చిన ఒమిక్రాన్ రకం విషయంలో అది 56 శాతానికి పడిపోయింది. ఒమిక్రాన్ వల్ల జబ్బు ముదరకుండా మాత్రం సుమారు 88 శాతం రక్షణ నిలిచింది.